జూలై నాటి పరీక్ష

తెర మీద త్రిభుజం వచ్చింది. తరువాత వృత్తం. ఆ తరువాత వచ్చింది మళ్ళీ త్రిభుజమా, చతురస్రమా అన్నది రోవన్‌కు ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. గుర్తు రాకపోయినా ఏదో ఒక మీట నొక్కాలి కనుక నొక్కింది. కళ్ళు చికిలించకుండా ఉండడానికే ఆమె శక్తి సగం ఖర్చవుతోంది. ఎడమ కన్ను వెనకాల మంగళవారం నుంచి ఒకటే పోటు.

వెనక కుర్చీలో హెస్టర్ క్రౌథర్ టీ తాగుతూ కూర్చుంది. క్రాగ్‌థార్ప్ మహిళల ఫుట్‌బాల్ జట్టుకు దెబ్బలు, బెణుకులు, కట్లు, కన్నీళ్ళు అన్నీ చూసుకునే ఫిజియో ఆమె ఒక్కతే. ఆ గది కూడా జట్టు సొంతం కాదు. మైదానం ఊళ్ళోని రగ్బీ క్లబ్బుది, గది వాళ్ళు ఒకప్పుడు టికెట్లు అమ్ముకున్నది. ఆడపిల్లల ఫుట్‌బాల్‌కు ఈ యార్క్‌షైర్ ఊళ్ళలో ఏదైనా అరువుకే దొరుకుతుంది.

మంగళవారం సాధనలో మైదానం మూల నుంచి కొట్టిన కార్నర్ బంతికి ఎగిరినప్పుడు రోవన్ తలా, జట్టు కెప్టెన్ మాక్సీన్ తలా ఢీకొన్నాయి. రోవన్ వెంటనే లేచింది. చెంపకు తగిలిందంతే అని నవ్వింది. కానీ లేచాక గోల్ స్తంభాన్ని పట్టుకుని అయిదారు క్షణాలు నిలబడింది. ఆ అయిదారు క్షణాలు హెస్టర్ కంట పడ్డాయి. అందుకే ఈ గురువారం ఈ పరీక్ష.

"అయిపోయింది" అంది రోవన్.

హెస్టర్ టీ కప్పు కింద పెట్టి, అంకెలు చూసింది. ఇంకో కాగితం తీసి పక్కన పెట్టి మళ్ళీ చూసింది.

"జూలైలో ఎంత వచ్చిందో ఇప్పుడూ ఇంచుమించు అంతే వచ్చింది. తేడా ఏం లేదు."

ఎగిరి గంతెయ్యాల్సిన మాట అది. రోవన్‌కు మాత్రం భయం వేసింది.

ఎందుకంటే ఈ పరీక్ష కనిపెట్టిన మహానుభావులు అన్నీ ఆలోచించారు గానీ, ఆడేవాళ్ళు ఎంత గడుసుపిండాలో ఆలోచించలేదు. ప్రతి జూలైలో, ఆటలు మొదలవక ముందు, అందరి మెదడూ ఎంత చురుగ్గా ఉందో ఈ యంత్రం రాసి పెట్టుకుంటుంది. తరువాత ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలితే మళ్ళీ పరీక్ష పెట్టి, పాత అంకెతో పోలుస్తారు. మందగించిందంటే వారాల తరబడి బెంచీ మీదే. మరి బెంచీ ఎక్కడం ఇష్టం లేనివాళ్ళు ఏం చేస్తారు? జూలైలోనే నిద్రమొహంతో పరీక్ష రాస్తారు.

రోవన్‌కు ఈ విద్య నేర్పింది మాక్సీన్ టార్డాఫే. "మంచం మీంచి అప్పుడే లేచొచ్చినట్టు నొక్కవే పిల్లా. మరీ మొద్దులా కాదు, కొంచెం మొద్దులా. పన్నెండేళ్ళ నుంచి నేను చేస్తున్నదదే. తలకు తగిలిన రోజున నాకు దణ్ణం పెట్టుకుంటావ్" అంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల, మొదటి ఒప్పందం, ఎదురుగా ముప్పై ఏళ్ళ కెప్టెన్. రోవన్ చెప్పినట్టే చేసింది.

ఇప్పుడు ఆ జూలై అబద్ధమూ, ఈ మార్చి నిజమూ ఒక్కటే అయి కూర్చున్నాయి.

"రోవన్, ఇటు చూడు" అంది హెస్టర్. "యంత్రం సంగతి వదిలెయ్. నీకెలా ఉంది? తలనొప్పి, వెలుతురు పడకపోవడం, ఏమైనా సరే. ఉందని ఒక్క మాట చెప్పు, ఈ కాగితం పక్కన పడేస్తా. ఎవరికీ ఏ సంజాయిషీ చెప్పక్కర్లేదు."

చెప్పేస్తే బాగుండునని రోవన్‌కు అనిపించింది. నిజంగానే అనిపించింది. కానీ ఆదివారం పెద్ద లీగు క్లబ్బు నుంచి ఇద్దరు ఆమె ఆట చూడడానికి వస్తున్నారు. ఇప్పటికి రెండుసార్లు వచ్చారు, ఇది ఆఖరుసారి. వాళ్ళ జాబితాలో మైదానం నడుమ ఆడే ఆ ఒక్క స్థానానికి ఇంకో ఇద్దరు అమ్మాయిలున్నారు. ఇక్కడి ఒప్పందం మే నెలతో సరి. వాళ్ళు తీసుకుంటే ఆమె ఫుట్‌బాల్ ఆటగత్తె. తీసుకోకపోతే పొద్దున్నే ఏడింటికి ఎప్రాన్ కట్టుకుని దుకాణంలో పైలు, అదే మాంసం కూరిన రొట్టెలు, అమ్మే పిల్ల, ఆదివారాలు ఆడుతుందట అని జనం చెప్పుకునే పిల్ల.

"బాగానే ఉంది హెస్టర్. మీరు ఊరికే కంగారు పడుతున్నారు."

హెస్టర్ ఆమె మొహంలోకి చూసి, ఆడవచ్చని సంతకం పెట్టింది.

శుక్రవారం రోవన్, మాక్సీన్ ఇద్దరూ మాక్సీన్ కారులో సాధనకు వెళ్ళారు. రోవన్‌కు కారు లేదు. ఎనిమిది నెలలుగా వారానికి మూడుసార్లు ఈ కారులోనే, ఈ దారిలోనే పోతున్నారు. వైపర్లు కిర్రుకిర్రుమంటున్నాయి.

"అయితే పాసయ్యావన్నమాట" అంది మాక్సీన్. "దణ్ణం పెట్టుకోవే మరి."

"నాకు బాలేదు మాక్స్."

"ఎవరికి బాగుంది? నాకు మోకాలు బాలేదు, నడుం బాలేదు, మా ఇంటాయన మొహం అసలే బాలేదు. ఆదివారం తొంభై నిమిషాలు. ఆ తర్వాత వారం రోజులు దుప్పటి ముసుగేసుకుని పడుకో, ఎవరొద్దన్నారు?"

"తెర మీద బొమ్మలు గుర్తుండలేదు. నిజంగా గుర్తుండలేదు. నేను నటించలేదు."

మాటకు ముందు నవ్వే మాక్సీన్ దారి కేసి చూస్తూ కారు నడిపింది. చేపల దుకాణం దాటింది. చర్చి దాటింది. మైదానానికి తిరగవలసిన మలుపు వచ్చింది, పోయింది. రోవన్ చూస్తూనే ఉంది. ఇప్పుడు తిరుగుతుంది, ఇప్పుడు తిరుగుతుంది అనుకుంటూ ఉండగా కారు ఊరు దాటి గొర్రెల పొలాల మధ్యకు వచ్చేసింది.

"మాక్స్, ఎక్కడికి?"

మాక్సీన్ ఉలిక్కిపడి కారు ఆపింది. అద్దంలో వెనక్కి చూసింది. ముందుకు చూసింది. ఆమె మొహం మీద ఒక్క క్షణం కనిపించింది మామూలు పరధ్యానం కాదు. తను ఎక్కడుందో తెలియని మనిషి మొహం అది.

"నీ వాగుడు వింటూ దాటేశానే" అంది, కారు వెనక్కి తిప్పుతూ. "నోరు మూస్తే కదా నువ్వు."

రోవన్ అంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మైదానం వచ్చేదాకా ఇద్దరూ వాన గురించి మాట్లాడుకున్నారు.

శనివారం మధ్యాహ్నం రోవన్ తండ్రి క్లైవ్ బస్సు డ్యూటీ దిగి, యూనిఫాం కూడా విప్పకుండా, ఇళ్ళ వెనకాల పచ్చికలోకి బంతి తెచ్చాడు. ఆటకు ముందురోజు ఇది వాళ్ళకు రోవన్ ఏడో ఏట నుంచీ ఉన్న అలవాటు. రోవన్ గోడకేసి బంతి కొడుతుంది. బంతి తిరిగి కాలికి వచ్చేలోగా భుజం మీంచి వెనక్కి ఒక్క చూపు చూడాలి. వెనక నిలబడ్డ క్లైవ్ కొన్ని వేళ్ళు చూపిస్తాడు. ఎన్ని వేళ్ళో రోవన్ అరిచి చెప్పాలి. కాళ్ళు ఎవరికైనా ఉంటాయి, మైదానం నడుమ ఆడేవాళ్ళకు వీపున కళ్ళుండాలి అంటాడు క్లైవ్. ఆయన ఎప్పుడూ ఏ జట్టుకూ ఆడిన మనిషి కాదు. కానీ పెద్ద లీగు వాళ్ళు కాగితాల మీద రాసుకుంటున్నది కూడా ఈ ఒక్క విషయమే. ఈ అమ్మాయి బంతి అందక ముందే అంతా చూసేస్తుంది అని.

"రెండు!" అంది రోవన్.

బంతి గోడకు తగిలి తిరిగొచ్చింది.

"నాలుగు!... మూడు!"

బంతి ఆగింది. వెనక నుంచి పలుకు లేదు. రోవన్ పూర్తిగా తిరిగి చూసింది. తండ్రి రెండు చేతులూ కోటు జేబుల్లో ఉన్నాయి.

"రుమాలు కోసం వెతుక్కుంటున్నా తల్లీ" అన్నాడు ఆయన నెమ్మదిగా. "మొదటి నుంచీ జేబుల్లోనే ఉన్నాయి."

రోవన్‌కు చెవులు వేడెక్కాయి. "ఎండ కళ్ళలో పడుతోంది" అంది. ఆకాశం నిండా మబ్బు.

"మంగళవారం తగిలింది చెంపక్కాదు కదూ?"

"నాన్నా, వద్దు."

"రేపు ఆడొద్దు."

"ఆడకపోతే వాళ్ళిద్దరూ కారెక్కి వెళ్ళిపోతారు. మళ్ళీ రారు. పన్నెండేళ్ళు నువ్వు వానలో నిలబడింది దేనికి? నేను పైలు అమ్ముకోడానికా?"

"నేను వానలో నిలబడింది నాకిష్టమై నిలబడ్డా. నీ మీద అప్పేం పెట్టలేదు."

"నువ్వు గనక హెస్టర్‌కి ఫోన్ చేశావంటే, ఇంక నీతో జన్మలో మాట్లాడను. నిజంగా చెప్తున్నా."

ఆ మాట అన్నందుకు అన్న క్షణంలోనే ఆమెకు ఏడుపొచ్చింది. క్లైవ్ వంగి బంతి తీసుకున్నాడు. చొక్కాతో దాని మీది బురద తుడిచాడు, యూనిఫాం చొక్కా అన్న ధ్యాస కూడా లేదు.

"నేను చేయను" అన్నాడు. "పంతొమ్మిదేళ్ళొచ్చాయి నీకు. చేస్తే నువ్వే చెయ్యి."

ఆ సాయంత్రం రోవన్ హెస్టర్‌కు చెప్పాల్సింది ఫోన్‌లో మూడుసార్లు రాసి మూడుసార్లు చెరిపేసింది. తల సంగతి చెబితే జూలై సంగతి చెప్పాలి. జూలై సంగతి చెబితే హెస్టర్ ఊరుకునే మనిషి కాదు, అందరి కాగితాలూ బయటికి లాగుతుంది. అందులో మాక్సీన్‌వి పన్నెండు జూలైలు. అలవాటైన దారిలోనే ఎక్కడుందో మర్చిపోయిన మాక్సీన్ మొహం గుర్తుకొచ్చింది. చెప్పాల్సింది అందుకే కదా అనిపించింది. చెప్పకూడనిదీ అందుకే అనిపించింది. అక్షరాలు చీమల్లా పాకుతుంటే ఫోన్ బోర్లా పడేసింది.

ఆదివారం రెండింటికి ఆట. సన్నటి ముసురు. గడ్డి మీద రగ్బీ వాళ్ళ పసుపు గీతలూ, ఫుట్‌బాల్ తెల్ల గీతలూ ఒకదాని మీద ఒకటి. మామూలు రోజుల్లో రోవన్ కళ్ళకు పసుపు గీతలు ఆననే ఆనవు. ఇవాళ ఏది ఎవరి గీతో తేల్చుకోవడానికే రెప్పపాటు పడుతోంది. మైదానం నడుమ ఆ రెప్పపాటులో ప్రత్యర్థి వచ్చి కాళ్ళ మీద పడుతుంది.

ఎదుటి జట్టు వెన్స్‌బరో. మెట్ల మీద నాలుగో వరసలో నల్ల కోట్లతో పెద్ద లీగు క్లబ్బు వాళ్ళిద్దరూ కూర్చున్నారు. ఒకావిడ, ఒకాయన. ఆవిడ ఒళ్ళో పుస్తకం. వాళ్ళకు పది అడుగుల దూరంలో కంచె దగ్గర క్లైవ్, చేతిలో మూత తియ్యని ఫ్లాస్కు.

రోవన్ ఒక ఉపాయం పన్నింది. బంతి రాగానే వచ్చినవాళ్ళకే తిప్పి ఇచ్చేయడం. వెనక్కి చూడక్కర్లేదు, తిరగక్కర్లేదు, తప్పు చేయక్కర్లేదు. ఇరవై నిమిషాలు అలాగే నెట్టుకొచ్చింది.

"తిరుగు రోవన్! ముందుకు తిరుగు!" గీత దగ్గర నుంచి కోచ్ గ్వెన్ పారీ గొంతు. వేల్స్ మనిషి, కోపం వచ్చినా పాట పాడుతున్నట్టే ఉంటుంది. "నీ వెనకాల ఎవరూ లేరమ్మా, తిరుగు!"

ఎవరూ లేరని రోవన్‌కు తెలియదు. భుజం మీంచి చూస్తోంది. చూసినది బంతి వచ్చేదాకా నిలవడం లేదు. చేతిలో పోసిన నీళ్ళలా కారిపోతోంది. ఒకసారి ధైర్యం చేసి తిరిగింది. ఎక్కడి నుంచి ఊడిపడిందో వెన్స్‌బరో పిల్ల బంతి లాక్కుని పోయింది. అదృష్టం కొద్దీ ఆ పిల్ల కొట్టిన బంతి గోల్ పక్కనుంచి పోయింది. నాలుగో వరసలో పుస్తకం తెరుచుకుంది.

విరామంలో గ్వెన్ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఏమైంది నీకు? ఇవాళ ఎవరొచ్చారో తెలుసుగా?"

"గడ్డి జారుతోంది కోచ్."

"గడ్డి అందరికీ జారుతోంది."

"వదిలేయండి కోచ్" అంది మాక్సీన్, బూటు తాడు బిగిస్తూ. "రెండో సగంలో చూడండి దీని తడాఖా. ఏమే పిల్లా?"

రోవన్ తలూపింది. తల ఊపకుండా ఉండాల్సింది, గదంతా ఒక చుట్టు తిరిగింది. మూలన కట్లు సర్దుతున్న హెస్టర్ ఇటే చూస్తోంది. రోవన్ కళ్ళు దించుకుంది.

రెండో సగంలో ఒక గోల్ వీళ్ళు వేశారు, ఒకటి వాళ్ళు వేశారు. డెబ్భయ్యో నిమిషం దాటింది. వెన్స్‌బరోకు కార్నర్ దొరికింది. బంతి ఎత్తుగా వచ్చింది. మాక్సీన్ ఎగిరింది, వాళ్ళ పిల్లా ఎగిరింది. ఆ చప్పుడు రోవన్‌కు మూడు గజాల దూరంలో వినిపించింది. వాళ్ళ పిల్ల నుదురు రుద్దుకుంటూ లేచింది. మాక్సీన్ లేవలేదు. తరువాత లేచి కూర్చుని, నేనే గెలిచాను కదా అన్నట్టు నవ్వింది.

ఈల మోగింది. హెస్టర్ సంచీతో పరుగెత్తుకొచ్చి మాక్సీన్ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. ఇలాంటప్పుడు ఫిజియో అడిగే ప్రశ్నలు అయిదే, అవి ఏ క్లబ్బులోనైనా అవే. అందరికీ కంఠోపాఠం. అందుకే ప్రతి జట్టులోనూ ఒక మర్యాద ఉంది. కింద కూర్చున్న మనిషికి ఎదురుగా, ఫిజియో వీపు వెనకాల, ఎవరో ఒకరు నిలబడి జవాబులు అందిస్తారు. పాపం అనిపించి, స్నేహం కొద్దీ, ఆట పోతుందని. ఎవరూ దాన్ని మోసం అనుకోరు.

దగ్గరున్నది రోవనే. అలవాటు కొద్దీ కాళ్ళు ఆమెను అక్కడికి తీసుకెళ్ళి నిలబెట్టాయి.

"ఏ మైదానం ఇది మాక్స్?"

"మనదే. అంటే రగ్బీ వాళ్ళది. ఈ కంపుకు ఎవరైనా చెప్తారు."

"ఏ సగం?"

మాక్సీన్ కళ్ళు పైకి లేచాయి. రోవన్ తొడ పక్కన రెండు వేళ్ళు చాపింది.

"రెండోది."

"ఆఖరు గోల్ ఎవరిది?"

రోవన్ పెదవులు కదిపింది. "వాళ్ళది" అంది మాక్సీన్.

"పోయిన వారం ఎవరితో ఆడాం?"

మాక్సీన్ మళ్ళీ చూసింది. ఈసారి ఆ చూపులో ఆట లేదు, కొంటెతనం లేదు. ఊరి బయట కారులో చూసిన మొహమే. త్వరగా చెప్పవే అని బతిమాలుతోంది.

రోవన్ పెదవులు తెరిచింది. చెప్పడానికి ఏమీ లేదు.

వెతికింది. బస్సు గుర్తుంది. కిటికీ మీద వాన గుర్తుంది. తడిసిన మేజోళ్ళు, పక్క సీట్లో ఎవరో తింటున్న చీజ్ సాండ్‌విచ్ వాసన, అన్నీ గుర్తున్నాయి. బస్సు దిగింది ఏ ఊళ్ళో? ఎదుటివాళ్ళ చొక్కాలు ఏ రంగు? గెలిచారా? అక్కడంతా ఖాళీ. ఆ ఖాళీ అంచున నిలబడినప్పుడు రోవన్‌కు ప్రాణభయం లాంటి భయం వేసింది. గురువారం నుంచి పడుతున్న భయాలన్నీ దాని ముందు చిన్నపిల్లల బెంగలు.

"మాక్స్, నిన్నే. పోయిన వారం?"

"హెస్టర్" అంది రోవన్. "నాకూ తెలీదు."

"నువ్వు అవతలికి వెళ్ళు, నిన్నెవరూ అడగలేదు."

"ఎవరితో ఆడామో నాకు గుర్తు రావట్లేదు. నిజంగా రావట్లేదు."

హెస్టర్ అప్పుడు తిరిగి చూసింది. "గురువారం నీ పరీక్ష సరిగ్గానే వచ్చిందిగా?"

"జూలైది సరిగ్గా రాయలేదు. కావాలనే."

"రోవన్, నోరు ముయ్యి" అంది కింద నుంచి మాక్సీన్. కోపంగా అనబోయింది. బతిమాలినట్టు వచ్చింది.

హెస్టర్ ఒకరి తరువాత ఒకరిని చూసింది. ఆమె మొహం పాలిపోయింది. "నీదీ అంతేనా మాక్స్? ఎన్నేళ్ళుగా?" అంది. మాక్సీన్ గడ్డి పీకుతూ కూర్చుంది. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం ఆమెకు ఎవరూ జవాబు అందించనక్కర్లేదు.

హెస్టర్ గీత వైపు చెయ్యెత్తి రెండు వేళ్ళు చూపింది. ఇద్దరికి బదులు ఇద్దరు. గ్వెన్ ఏదో అరిచింది, హెస్టర్ తల అడ్డంగా ఊపింది.

ఇద్దరూ నడిచారు. మాక్సీన్ మోచెయ్యి రోవన్ పట్టుకుంది, లేక రోవన్ మోచెయ్యి మాక్సీన్ పట్టుకుంది, చూసేవాళ్ళకు తేడా తెలియదు. నాలుగో వరసలో ఆవిడ ఏదో రాసి, పుస్తకం మూసి, పక్కాయనతో ఒక మాట చెప్పింది. ఆయన జేబులోంచి కారు తాళంచెవి తీశాడు. రోవన్ అది చూసింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ముందు పోయిన వారం ఆడిన ఆ జట్టు పేరు తెలిస్తే చాలుననిపించింది.

"నన్ను ముంచావే పిల్లా" అంది మాక్సీన్ మెల్లగా. నాలుగడుగులు వేసి, "ఇంతకీ ఎవరితో ఆడాం?" అంది.

"తెలీదన్నాగా."

క్లైవ్ కంచె దాకా దిగి వచ్చాడు. చేతులు రెండూ కంచె మీద, రోవన్‌కు కనిపించేలా పెట్టాడు.

"నాన్నా" అంది రోవన్. "పోయిన వారం ఎవరితో ఆడాం?"

"ఆల్డర్‌టన్ వాళ్ళతో" అన్నాడు క్లైవ్. "గెలిచాం కదా. మాక్స్ బంతి అందించింది, నువ్వే గోల్ కొట్టావ్ తల్లీ."

ఆల్డర్‌టన్ అని రోవన్ లోపల రెండుసార్లు అనుకుని చూసింది. ఏ జ్ఞాపకమూ కదలలేదు. మాక్సీన్ వైపు చూసింది. మాక్సీన్ కూడా అప్పుడే ఆమె వైపు చూస్తోంది, నీకేమైనా గుర్తొచ్చిందా అన్నట్టు.